అరవై నాలుగు సంత్రాలు

ఏప్రిల్ పదహారు, మంగళవారం. ఉన్నవాళ్లు: బాపు, అవ్వ, సుగుణక్క, పక్క క్వార్టర్ జుబేదా ఖాలా, నేను. సంత్రాలు అరవై నాలుగు.

నా పాత డైరీలో ఆ పేజీ అంతా ఇంతే. పోయిన నెల మా అక్క కూతురు సునీత కరీంనగర్ నుంచి నన్ను చూడటానికి వచ్చింది. నడివేసవిలో సంచి నిండా సంత్రాలు తెచ్చింది. ప్రతి పండు మీదా ఒక చిన్న స్టిక్కరు, తొక్క మీద మైనం మెరుపు. వాటిని బల్ల మీద పెట్టి, బీరువా దులుపుతానని కూర్చుంది. డైరీల కట్ట విప్పి ఒక్కొక్కటీ తుడుస్తూ, ఆ పేజీ దగ్గర ఆగింది.

"ఏంది చిన్నమ్మా గిది? పండ్ల దుకాణం పెట్టిండ్రా? గిన్ని సంత్రాలు ఎవ్వలు తిన్నరు?"

"మీ అమ్మ తిన్నది."

"మరి ఎందుకు తిన్నదో రాయలేదు గద."

"రాయొద్దని రాయలేదు," అన్నాను. సునీత ఇద్దరు పిల్లల తల్లి. అయినా ఆ మాట వినగానే చిన్నపిల్లలా కాళ్లు ముడుచుకుని నా మంచం మీదికి చేరింది. ఆ సాయంత్రం తనకు చెప్పిందే ఇక్కడ కాస్త వరుసలో పెట్టి రాస్తున్నాను.

రోజూ డైరీ రాయడం, ముందుగా తేదీ వేసి ఆ వేళకు ఇంట్లో ఎవరెవరున్నారో పేర్లు పెట్టడం మేము బాపు అని పిలిచే నాన్న నుంచి వచ్చిన అలవాటు. బాపు గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి సర్దార్. షిఫ్టులో తన కింద ఎంతమంది దిగారో, ఎంతమంది పైకి వచ్చారో చూసుకుని రిపోర్టు రాయడం ఆయన పని. బొగ్గు అంటి ముఖాలన్నీ ఒకేలా కనిపించే చోట ఆయన ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలిచేవాడు. చివరి మనిషి బయటపడేదాకా తాను పైకి వచ్చేవాడు కాదు. ఇంటికి వచ్చి, స్నానం చేసి, చాయ్ తాగాక నా డైరీ అడిగేవాడు. దాన్ని కూడా షిఫ్టు రిపోర్టులాగే వేలు పెట్టి చదివేవాడు. "పేర్లు ముందు రాయాలె బిడ్డా. పని ఎంతయిందన్నది తర్వాత. ముందు మనుషులు," అనేవాడు. అప్పటికి నేను డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. ఆ మాట నాకు చాదస్తంగా తోచేది. తర్వాత బడిలో టీచరుగా హాజరు పిలిచిన ప్రతి ఉదయం అది గుర్తొచ్చేది.

మాది రెండు గదుల కంపెనీ క్వార్టర్. ముందు వరండా, వెనక నీళ్ల గాబు. మొదటి షిఫ్టు సైరన్ కంటే ముందే వీధంతా బొగ్గు పొయ్యిలు అంటించి బయట పెట్టేవాళ్లు. ఆ పొగ వాసనతోనే మాకు మెలకువ వచ్చేది. దాని వెనకే జుబేదా ఖాలా ఇంట్లోంచి ఇలాచి చాయ్ వాసన, మా ఇంట్లోంచి తాలింపు వాసన. మా అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆమె తాలింపు వేస్తే సుగుణక్క పుస్తకం పక్కన పెట్టి వంటింట్లోకి వచ్చి నిలబడేది, అంత ఇష్టం. ఆ వేసవిలో మాత్రం ఆ వాసన తగిలితే చాలు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక గాబు దగ్గరికి పరుగెత్తేది. బావకు బెల్లంపల్లిలో డ్యూటీ. అంతకుముందు రెండుసార్లు అక్కకు మూడో నెలలోనే కడుపు పోయింది. ఈసారి మూడో నెల రాగానే అవ్వ వెళ్లి తీసుకొచ్చింది. అన్నం నిలవదు, జొన్నగటక నిలవదు, పాలు నిలవవు. కొన్నాళ్లు మంచినీళ్లు కూడా నిలవలేదు. దవాఖానలో డాక్టరమ్మ చూసి, "ఏదో ఒకటి కడుపులో ఉండాలి, ఏది ఉంటే అదే పెట్టండి. నెల గడిస్తే తగ్గుతుంది. అదీ ఉండకపోతే తెచ్చి చేర్పించండి," అంది. చివరికి నిలిచింది ఒక్క సంత్రాయే. ఖాలా ఒకరోజు తన కోసం ఒలుచుకుంటూ ఊరికే అక్క నోట్లో పెట్టిన ఒక తొన, పోకుండా అలాగే ఉండిపోయింది.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఐదో నెల పడేదాకా కడుపులోని బిడ్డ మాట ఎత్తకూడదు. ఊయల గురించి, పేరు గురించి అనుకోకూడదు. ఇంటి మనుషుల్లో లెక్కపెట్టకూడదు. రెండుసార్లు పోయాక అవ్వ దీన్ని మరీ గట్టిగా పట్టుకుంది. ఎవరైనా అడిగితే "సుగుణకు పైత్యం చేసింది" అనేది. అందుకే నా డైరీలో సంత్రాలు ఉన్నాయి, వాటి కారణం లేదు.

సంత్రాలు కొనడంలో కూడా చిక్కు ఉండేది. కాలనీలో అప్పట్లో సంత్రా అంటే దవాఖాన పండు. బాయిలో ఎవరికైనా దెబ్బ తగిలి చేరితే, చూడటానికి పోయే ప్రతివాళ్ల చేతిలో అరడజను సంత్రాలుండేవి. సంచిలోంచి ఆ రంగు కనిపిస్తే చాలు, ఎదురొచ్చినవాళ్లు ఆగి "ఎవ్వలకేమైంది?" అని అడిగేవాళ్లు. ఆ ప్రశ్న పడలేక అవ్వ వాటిని కొంగు చాటున తెచ్చేది. పైగా ఏప్రిల్ సగానికి వచ్చేసరికి నాగపూర్ వైపు కాపు అయిపోయేది. ఖాలా తమ్ముడు బల్లార్షా నుంచి ప్యాసింజర్‌లో పండ్ల గంపలు తెచ్చి రామగుండం స్టేషన్లో అమ్మేవాడు. "ఇగ ఇదే ఆఖరు గంప అక్కా," అని కబురు పెట్టాడు. బాపు, ఖాలా, నేను ఆ మంగళవారం స్టేషన్‌కు వెళ్లాం.

బాపు గంప ముందు గొంతుకూర్చుని, ఒక పండు చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో టక్‌టక్‌మని కొట్టాడు.

"ఏం చేస్తున్నరు భాయ్?" అంది ఖాలా.

"సప్పుడు జూస్తున్న."

"అరె అల్లా! అది సంత్రా. మీ బాయి పైకప్పు గాదు."

"కప్పును కట్టెతోటి కొడితే గట్టిదా బోలుదా తెలుస్తది గద జుబేదా. దీనికెందుకు తెల్వది?"

ఖాలా తమ్ముడు నవ్వు ఆపుకోలేక తల పక్కకు తిప్పుకున్నాడు. ఖాలా బాపు చేతిలోని పండు లాక్కుని నాకు చూపించింది. అది పెద్దది, నున్నగా, ఉబ్బి ఉంది. "గీ పెద్దది పెండ్లికొచ్చిన సుట్టం తీరు. ఉబ్బి కూసుంటది, లోపలేం లేదు. ఇటు చూడు పద్మా. చిన్నది, అడుగు చదునుగున్నది తీసుకో. చేతుల పెడితే బరువు తెల్వాలె. తొక్క వదులుగ ఉండాలె గని లోపల గాలాడొద్దు. తొడిమె బొత్తాం పచ్చగ ఉండాలె. బొత్తాం ఊడిందా, నక్కో, వద్దే వద్దు. బూజు అక్కడినుంచే దిగుతది. కొంచెం పచ్చమచ్చ ఉంటె ఫికర్ చెయ్యకు, అదే ఎక్కువ రోజులుంటది." అలా ఒక్కొక్కటీ తూచి, వాసన చూసి, తిప్పి చూసి, గంపలోంచి మేము ఏరింది అరవై నాలుగు. రోజుకు రెండు, ముప్పై రెండు రోజులు. డాక్టరమ్మ చెప్పిన నెల గడుస్తుంది. నేను ఆ లెక్క మనసులోనే వేసుకున్నాను.

ఇంటికి వచ్చాక అసలు గొడవ మొదలైంది. నెల రోజులు, రామగుండం ఎండలో, ఎక్కడ దాచాలి? కాలనీలో ఫ్రిజ్ ఉన్న ఇల్లు నాకు తెలిసినంతలో లేదు. బాపు బాయిలో దాస్తానన్నాడు. "పైన నిప్పులు కురిసినా తాజాగాలి వచ్చే సొరంగంల చల్లగుంటది. ఎండకాలం మేం దిగేదే ఆ చలువకు." ఖాలా ఒప్పుకోలేదు. ఆమె పుట్టిల్లు చాందా వైపు, తండ్రి సంత్రా తోటలో కాపలా ఉండేవాడు. "చలువ ఒక్కటే చాలదు భాయ్. పొడిగ ఉండాలె, గాలాడాలె, దినాం ముఖం చూడాలె. నేను కుండల పెడ్త." ఇద్దరూ ఎంతకూ తగ్గకపోతే అవ్వ మధ్యలోకి వచ్చి, "సగం నీ బాయిల, సగం ఆమె కుండల. ఇగ జల్ది చెయ్యుండ్రి, పిల్ల ఎదురుచూస్తుంది," అని తేల్చేసింది.

ఖాలా పద్ధతి ఇది. పెద్ద రంజన్ కుండ అడుగున ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దించి, రెండింటి సందులో గోదావరి ఇసుక నింపింది. ఆ ఇసుకను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తడపాలి. చుక్క నీరు కూడా లోపలి కుండలో పడకూడదు. లోపల వరిగడ్డి పరిచి, ప్రతి పండునూ పాత పేపర్లో విడిగా చుట్టి, ఒకదాన్నొకటి ఒత్తకుండా పెట్టి, మూతికి పలచని గుడ్డ కట్టింది. అలాంటి జతలు రెండు, వరండాలో గాలి తగిలే మూల. వాటి బాధ్యత నాకు అప్పజెప్పింది. నేను ప్రతి కాగితం మీదా ఒక నంబరు వేశాను. రోజూ పొద్దున్నే గుడ్డ విప్పి, ఒక్కో పండునూ తీసి, తొడిమె దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కి చూసి, అన్నింటిలోకీ మెత్తబడిన రెండింటిని ఆ రోజుకు బయట పెట్టేదాన్ని.

నాలుగో రోజుకే అక్క కనిపెట్టింది. "నాకు దినాం పాడయ్యేటియేనా పద్మా? మంచిది ఎన్నడు పెడ్తవే?"

"ఆఖరుకు. అన్నిట్ల మంచిది ఆఖరుకు వస్తది."

"అప్పటిదాక నేనుంటె గద," అని నవ్వింది. అవ్వ వంటింట్లోంచే "నోరు మూసుకోని తిను" అని అరిచింది.

బాపు తన ముప్పై రెండింటినీ ఒక చెక్కపెట్టెలో పెట్టాడు. బొగ్గు తీసిన ఖాళీని ఇసుకతో నింపితేనే పైకప్పు నిలుస్తుందని చూస్తూ బతికిన మనిషి. పండ్ల మధ్య కూడా ఇసుకే పోశాడు. బాయిలో ఎలుకలు సద్దిడబ్బాల మూతలే ఊడదీస్తాయి కాబట్టి పైచెక్కకు వరుసగా మేకులు కొట్టాడు. రోజూ షిఫ్టు నుంచి వచ్చి, "చెయ్యి పెడితే పెట్టె ఐసు లెక్కుంది" అని ఖాలాకు వినబడేలా చెప్పేవాడు. ఆయన కింద పనిచేసేవాళ్లు "సర్దార్ సాబ్, పెట్టెల బంగారమా?" అని అడుగుతున్నారని మురిసిపోయేవాడు.

పదో రోజు సాయంత్రం పెట్టెను సైకిల్ వెనక కట్టుకుని తెచ్చాడు. వరండాలో దించి మొదటి మేకు పీకగానే పులిసిన కల్లు లాంటి వాసన వచ్చింది. అక్క లోపలికి వెళ్లిపోయింది. చెక్క తీస్తే ఇసుక తడిగా ముద్దకట్టి ఉంది. బాయిలో చలువతో పాటు చెమ్మ కూడా ఉంటుంది. ఆ చెమ్మంతా ఇసుక తాగింది. నేను మొదటి పండు పట్టుకుంటే వేళ్లు లోపలికి దిగాయి. నీలం, ఆకుపచ్చ బూజు పొడిలా లేచింది. ముప్పై రెండింటిలో గట్టిగా మిగిలినవి ఐదు. బాపు సుత్తె ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"దినాం కప్పు కొట్టి చూసెటోన్ని. పదిరోజులు మేకులు కొట్టి కూసున్న," అన్నాడు.

ఖాలా ఆ ఐదింటినీ ఉప్పునీళ్లలో కడిగి, తుడిచి, నీడన ఆరబెడుతూ, "దాచుడు గాదు భాయ్, చూసుకునుడు," అంది, అదీ మెల్లగా. ఆ తర్వాత మూడు సాయంత్రాలు బాపు షిఫ్టు దిగగానే అన్నం తినకుండా రామగుండం స్టేషన్‌కు సైకిల్ తొక్కాడు. నాగపూర్ వైపు నుంచి వచ్చిన ప్రతి బండినీ చూశాడు. సంత్రాలు లేవు. మూడోరోజు బత్తాయిలు తెచ్చాడు. రసం గొంతు దిగకముందే అక్క గాబు దగ్గరికి పరుగెత్తింది.

కుండల్లో పన్నెండు, బాపు పెట్టెలోంచి ఐదు. మొత్తం పదిహేడు పండ్లు. గడవాల్సినవి ఇరవై రెండు రోజులు. పెట్టె విప్పిన రోజు రాత్రే వరండాలో నేను కొత్త కాగితాలు చుడుతుంటే అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. మణికట్టు మీద గాజులు వదులై మోచేతి దాకా జారుతున్నాయి.

"పదిహేడేనా?"

"ఊఁ."

కుండ మీద చెయ్యి వేసింది. "గిది గూడ నిలవదేమో పద్మా."

ఆమె సంత్రా గురించి అనడం లేదని ఇద్దరికీ తెలుసు. మా ఇంట్లో ఆ మాట పైకి రావడం అదే మొదటిసారి. నిలుస్తదని అందామంటే నాకు తెలియదు. "రేపటిది ఉన్నది. ఎల్లుండిది ఉన్నది. నేను గంతవరకు చెప్పగల్గుత," అన్నాను. అక్క నా చేతిలోంచి ఒక పండు తీసుకుని, తనే కాగితం చుట్టడం మొదలుపెట్టింది.

దారి ఖాలాయే చూపింది. మొదటి రోజు నుంచీ నేను తొక్కలన్నీ చాటలో ఎండబెట్టి, సున్నిపిండిలో కలపడానికి డబ్బాలో పోసి పెట్టాను. ఆ డబ్బా మూత తీసి వాసన చూసి ఖాలా నా వీపు మీద ఒక్కటి వేసింది. "ఖజానా ఇంట్ల పెట్టుకోని ఏడుస్తున్నరా!" గుప్పెడు ఎండు తొక్క, చిటికెడు శొంఠి, కాస్త పటికబెల్లం, ఒక ఉప్పురాయి వేసి మరిగించి, చల్లార్చి, చెంచాతో తాగించింది. అది నిలిచింది. అప్పటినుంచి పండు రోజుకొకటే. పొద్దున పక్క మీంచి లేవకముందే సగం, సాయంత్రం సగం. మధ్యలో తొక్కల నీళ్లు. డాక్టరమ్మకు చెబితే, "తాగుతున్నదంటే చాలు, కానివ్వండి," అంది. ఎంత చూసుకున్నా ఇంకో రెండు పండ్లు పోయాయి. పెట్టె విప్పిన పదిహేనో రోజు పొద్దుటికి కుండలో ఒక్కటి మిగిలింది. ఐదో నెలకు ఇంకో వారం ఉంది.

ఆ రోజులే మేలని నేను అనను. ఇప్పుడైతే మొదటి వారంలోనే సెలైన్ పెట్టి, మాత్రలిచ్చి, స్కాన్ తీసి, ఆ చిన్న గుండె కొట్టుకోవడం తెర మీద చూపించేవాళ్లు. అది చూసి ఉంటే అక్క అన్ని భయాలు పడకపోయేది. సంత్రాలు ఇప్పుడు పన్నెండు నెలలూ దొరుకుతాయి. సంచిలోంచి కనిపిస్తే ఎవరూ ఆపి అడగరు. బాపు దిగిన బాయి మూసేశారు, క్వార్టర్ల చోట తుమ్మలు మొలిచాయి. మొన్న సునీతా నేనూ నస్పూర్‌లో మనవడి ఇంట్లో ఉంటున్న ఖాలా దగ్గరికి వెళ్లాం. చూపు బాగా తగ్గింది. సునీత చేతిలో పెట్టిన స్టిక్కరు పండును కాసేపు అరచేతిలో తూచి, బొటనవేలితో తొడిమె తడిమి, "బొత్తాం లేదు, నక్కో," అని పక్కన పెట్టింది. తర్వాత సునీత ముఖాన్ని కూడా అదే చేత్తో, అంతే జాగ్రత్తగా తడిమింది. "గిది మంచిగున్నది," అంది. వందల పండ్లు ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోయే ఈ రోజుల్లో కూడా ఒకదాన్ని అలా చేత్తో పట్టి చూసేవాళ్లు ఉంటారు. నేను సునీతకు కుండ పద్ధతి రాసిచ్చాను. ఈ ఏడు చేసి చూస్తానంది. ఆమె పిల్లలిద్దరూ ఇసుక మేము తడుపుతామంటే మేము తడుపుతామని పోట్లాడుకున్నారట.

ఆఖరు పండు సంగతి చెప్పాలి. పైన ముడతలు పడింది, తొక్క కొంచెం బిగిసింది. అక్క పొద్దున తన సగం తిని, సాయంత్రం రెండో సగం విప్పి, అందరినీ పిలిచి తలా ఒక తొన చేతిలో పెట్టింది. అవ్వ వద్దని చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఆఖరుది అన్నిట్ల మంచిదన్నది గద పద్మ. నిజమో అబద్ధమో అందరు చెప్పుండ్రి," అంది అక్క. అప్పుడు తిన్నాం. నీరు తగ్గి తీపంతా ఒకచోట చేరినట్టుంది. నిజమేనన్నాం. నేను ఖాళీ కుండకు కూడా గుడ్డ కట్టేశాను.

మర్నాడు పొద్దున పొయ్యిల పొగ వాసనకు లేచి చూస్తే అక్క మంచం ఖాళీగా ఉంది. గాబు దగ్గరికి పరుగెత్తాను, అక్కడ లేదు. వంటింట్లో ఉంది. పీట మీద కూర్చుని, గిన్నెలో చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ కోసి వేసి పచ్చిపులుసు కలుపుతోంది. "అవ్వా, ఆకలైతుంది," అంది. అవ్వ వేడన్నం పెట్టింది. అక్క కలుపుకుని ముద్ద వెనక ముద్ద తింది. ఆ వారం బాపుది రెండో షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు. గడప దగ్గర నిలబడి జేబులోంచి గడియారం తీశాడు. బాయిలో మందు పేల్చాక పొగ తేలిపోయేదాకా ఎవరినీ లోపలికి పోనివ్వకుండా ఆయన అలాగే గడియారం చూస్తూ నిలబడతాడు. చాయ్ గ్లాసులతో వచ్చిన ఖాలాను చెయ్యెత్తి వాకిట్లోనే ఆపాడు.

"నా ముఖం ఏం జూస్తున్నరు అందరు?" అంది అక్క. "ఇంకింత అన్నం ఉన్నదా?"

అరగంట గడిచింది. అన్నం నిలిచింది. బాపు గడియారం జేబులో పెట్టుకుని, చాయ్ తీసుకుని, నా డైరీ అడిగాడు. తేదీ వేసి, ఐదుగురి పేర్లూ రాసి, "సంత్రాలు లేవు" అని రాసి ఇచ్చాను. వేలు పెట్టి రెండుసార్లు చదివాడు.

"ఒకరు తక్కువున్నరు," అన్నాడు.

నేను మళ్లీ చూశాను. బాపు, అవ్వ, అక్క, ఖాలా, నేను. "అందరున్నరు గద బాపూ," అన్నాను. ఆయన అవ్వ వైపు చూశాడు. ఐదో నెలకు ఇంకా వారం ఉంది. అవ్వ అక్క చేతిలోని ఖాళీ గిన్నె అందుకుని, "సరె, రాయి," అంది.

బాపు నా చేతిలోంచి కలం తీసుకున్నాడు. నా పేరు కింద, షిఫ్టు రిపోర్టులో రాసే గుండ్రటి అక్షరాలతో, "ఆరో మనిషి" అని రాసి సంతకం పెట్టాడు.